నడకతో ఆగిపోవద్దు: వ్యాయామ ప్రణాళిక సూత్రాలపై సమీక్ష

వ్యాయామం మంచిదని ఇప్పుడు ఎవరికీ నచ్చజెప్పనక్కర్లేదు. షుగరు ఉందని తేలిన రోజే మందులతో పాటు "రోజూ నడవండి" అన్న సలహా కూడా చేతికొస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే. ఎంత నడవాలి, ఎంత వేగంగా నడవాలి, నడకతో పాటు ఇంకేం చెయ్యాలి, ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు ఆగాలి అన్నవి విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే మన ఊళ్లలో రెండు రకాల మనుషులు కనిపిస్తారు. పార్కులో ఏళ్ల తరబడి అవే నాలుగు రౌండ్లు, అదే వేగంతో వేసేవాళ్లు ఒక రకం. జిమ్ముకు ఏడాది డబ్బు ఒకేసారి కట్టి, మొదటి వారమే శక్తికి మించి బరువులెత్తి, ఒళ్లు పట్టేసి, నెల తిరక్కుండా మానేసేవాళ్లు మరో రకం. ఇద్దరికీ శ్రద్ధ ఉంది. ప్రణాళికే లేదు.

గత 70, 80 ఏళ్ల పరిశోధనను ఒకచోట పెట్టి చూస్తే, వాట్సాప్‌లో కనిపించేంత గందరగోళం అందులో లేదు. మూలసూత్రాల విషయంలో శాస్త్రవేత్తలకు పేచీ దాదాపు లేదు. పేచీ ఉన్నది వివరాల్లోనే. నా అభిప్రాయం ముందే చెబుతాను: తెలుగువాళ్ల వ్యాయామంలో ఇవాళ పెద్ద లోటు నడక కాదు, కండరాలకు బలమిచ్చే పని. నడవాలన్న మాట జనంలోకి బాగానే వెళ్లింది. రెండో సగం వెళ్లలేదు.

మొదటి సగం ఎక్కడ మొదలైందో చూద్దాం. 1953లో జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు, ఆయన సహచరులు లండన్ రవాణా సిబ్బంది సుమారు 31 వేల మంది ఆరోగ్య వివరాలను లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. రెండంతస్తుల బస్సుల్లో డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు రోజంతా మెట్లెక్కి దిగుతూనే ఉంటాడు. గుండెజబ్బు కండక్టర్లలో తక్కువగా, వచ్చినా అంత తీవ్రంగా లేకుండా కనిపించింది. మోరిస్ అక్కడితో సంతృప్తి పడలేదు. సిబ్బందికి ఇచ్చిన యూనిఫారాల నడుము కొలతలు తిరగేస్తే, డ్రైవర్లు మొదటి నుంచే కండక్టర్ల కంటే లావుగా ఉన్నారని బయటపడింది. తన ఫలితానికే ఎదురు తిరిగే సాక్ష్యాన్ని తానే వెతికి 1956లో అచ్చువేసిన ఆ నిజాయితీ నాకు చాలా ఇష్టం. ఆ తర్వాత దశాబ్దాల పాటు, ఎన్నో దేశాల్లో, ఎన్నో రకాల ఉద్యోగుల మీద జరిగిన అధ్యయనాలు లావు, పొగతాగడం వంటివి లెక్కలోంచి తీసేసినా కదలికకు గుండెను కాపాడే శక్తి ఉందని తేల్చాయి.

ఇవాళ్టి అంతర్జాతీయ సిఫారసుల వెనక ఉన్నది ఈ పరంపరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థాయి శ్రమ గానీ, 75 నుంచి 150 నిమిషాలు గట్టి శ్రమ గానీ చెయ్యాలి. వారానికి కనీసం రెండు రోజులు పెద్ద కండరాలన్నిటికీ బలమిచ్చే వ్యాయామం చెయ్యాలి. 65 దాటినవాళ్లు మూడు రోజులు తూలిపోకుండా నిలదొక్కుకునే సాధన కూడా కలుపుకోవాలి. శ్రమ కనీసం పది నిమిషాల పాటు ఆగకుండా సాగితేనే లెక్కలోకి వస్తుందన్న పాత షరతును ఈసారి తీసేశారు. మూడంతస్తులు మెట్లెక్కినా లెక్కే. రోజుకు పదివేల అడుగులు వెయ్యాలన్న లెక్క సంగతి వేరు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరుతో ఆ అంకె పుట్టింది, పరిశోధనతో కాదు. అమెరికాలో సగటున 72 ఏళ్ల స్త్రీల మీద జరిగి 2019లో వెలువడిన అధ్యయనంలో రోజుకు 4,400 అడుగులు వేసేవాళ్లలోనే మరణాలు గణనీయంగా తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం కనిపించలేదు. పదివేలు పూర్తికాలేదని దిగులు పడే పెద్దవాళ్లకు ఈ మాట చెప్పాలి.

మన దేశంలో ఇదెంత అవసరమో చెప్పడానికి ఒక్క అంకె చాలు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశవ్యాప్త సర్వే 2023లో తేల్చిన ప్రకారం భారతదేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. నడక ఇక్కడ పనిచేస్తుందా అన్న ప్రశ్నకు చెన్నైలో డాక్టర్ ఎ.రామచంద్రన్ బృందం జవాబు వెతికింది. మధుమేహం అంచున ఉన్న 531 మందిని మూడేళ్లు గమనించి 2006లో ఫలితం ప్రకటించింది. ఆహారం సరిచేసుకుని, రోజూ కనీసం అరగంట చురుగ్గా నడిచినవాళ్లలో జబ్బు ముప్పు 28.5 శాతం తగ్గింది. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చిన తగ్గుదల కూడా ఇంచుమించు అంతే. భోజనం చేసిన వెంటనే పది, పదిహేను నిమిషాలు నడిస్తే, తిన్న తర్వాత పెరిగే చక్కెర బాగా తగ్గుతుందని కూడా ప్రయోగాలు చూపాయి. రాత్రి భోజనం కాగానే టీవీ ముందు కూలబడే ఇళ్లలో ఇంతకంటే చవకైన మందు లేదు.

మరి నడక ఇంత మేలు చేస్తుంటే బరువులెందుకు? దీనికి జవాబు 2004లో లాన్సెట్‌లో వచ్చిన ఒక ఫొటోలో ఉంది. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్‌కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎంఐ ఇద్దరికీ ఒకటే, 22.3. ఇద్దరూ చూడ్డానికి సన్నగానే ఉంటారు. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మన ఒంటి తీరే అది: కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి చేరాక, దాన్ని ఎక్కువగా పీల్చుకోవలసింది కండరాలే. అవే తక్కువైతే చక్కెర ఎక్కడికి పోతుంది? సన్నగా ఉన్నాను కాబట్టి నాకేం కాదనుకునే తెలుగువాళ్లు ఈ ఫొటోను గుర్తుంచుకోవాలి. నడక గుండెకు, ఊపిరికి మంచిదే, కానీ అది భుజాల్ని, వీపును, చేతుల్ని దాదాపు ముట్టుకోదు. కాళ్లకైనా కొన్ని వారాల తర్వాత కొత్త భారమేమీ వెయ్యదు.

ఆ భారాన్ని ఎలా పెంచాలన్నదే వ్యాయామ శాస్త్రానికి గుండెకాయ. దాన్ని పద్ధతిగా రాసిపెట్టినవాడు థామస్ డిలార్మ్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు. రెండో ప్రపంచ యుద్ధంలో మోకాళ్లు, తొడలు దెబ్బతిన్న సైనికులు షికాగోలోని గార్డినర్ జనరల్ ఆస్పత్రిలో నెలల తరబడి పడి ఉండేవారు. తేలికపాటి కదలికలు ఎక్కువసార్లు చేయించడం అప్పటి వాడుక. స్వయంగా బరువులెత్తే అలవాటున్న డిలార్మ్ దాన్ని తిరగేశాడు. కాలికి ఇనుప బూటు కట్టి, రోగి సరిగ్గా పదిసార్లు మాత్రమే ఎత్తగలిగే బరువెంతో కనుక్కుని, దాని ఆధారంగా సాధన నడిపాడు. వారం వారం ఆ పరీక్ష మళ్లీ పెట్టి, బలం పెరిగిన మేర బరువూ పెంచాడు. 1945లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మొదట్లో రోజుకు 70 నుంచి 100 సార్లు ఎత్తించేవాడు. అంత అక్కర్లేదని అనుభవం మీద తెలుసుకుని, 1948కల్లా మూడు సెట్లకు కుదించాడు: మొదటి పది సగం బరువుతో, తర్వాతి పది ముప్పాతిక బరువుతో, చివరి పది పూర్తి బరువుతో. ఇవాళ ప్రతి జిమ్ములోనూ వినిపించే "మూడు సెట్లు, పది రెప్స్" లెక్క చాలావరకు ఆ ఆస్పత్రి వార్డు నుంచి వచ్చిందే. అందులో జనం మరిచిపోయింది వారానికోసారి మళ్లీ కొలవడం. సెట్లు మిగిలాయి, పెంచడం పోయింది.

ఈ పద్ధతి కుర్రవాళ్లకే అనుకుంటారేమో. 1990లో మరియా ఫియాటరోన్ బృందం బోస్టన్‌లో, నర్సింగ్ హోమ్‌లోనే కాలం గడిపే 86 నుంచి 96 ఏళ్ల వృద్ధులు పదిమందిని తీసుకుంది. వారానికి మూడు రోజులు, గరిష్ఠంగా ఎత్తగలిగే బరువులో 80 శాతం వరకు తీసుకెళ్లి తొడ కండరాలకు సాధన ఇచ్చింది. ఎనిమిది వారాలు పూర్తి చేసింది తొమ్మిది మంది. వాళ్ల కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టి నడిచారు. తొంభై ఏళ్లకు అది సాధ్యమైతే, అరవయ్యో ఏట మోకాళ్లు నొప్పులని కుర్చీకి అతుక్కుపోయే మన అమ్మలకు, నాన్నలకు ఎందుకు సాధ్యం కాదు? మోకాళ్ల అరుగుదలకు తొడ కండ బలపడడం ముఖ్యమైన చికిత్సల్లో ఒకటని ఇప్పుడు వైద్యశాస్త్రం గట్టిగా చెబుతోంది. "మోకాళ్లు నొప్పులు కదా, కదలకు" అని పిల్లలు ప్రేమతో అనే మాట వాళ్లకు కీడే చేస్తుంది.

కదలకపోతే ఏమవుతుందో డాలస్‌లో 1966లో చూశారు. ఇరవయ్యేళ్ల కుర్రాళ్లు ఐదుగురిని మూడు వారాలు మంచం మీదే ఉంచి, వాళ్ల గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం ఎంత పడిపోయిందో కొలిచారు. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఐదుగురినీ మళ్లీ పిలిచి పరీక్షిస్తే, మూడు దశాబ్దాల వయసు చేసిన నష్టం కంటే నాటి మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది.

ఇక మన వాడుకలోని సాధనల గురించి. తాలింఖానాలు, సాము గరిడీలు, దండీలు, బస్కీలు మనకు కొత్తవి కావు. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు పేరు ఉత్తరాంధ్రలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే శ్రీకాకుళం గడ్డ నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయింది. బరువులెత్తడం ఆడవాళ్ల పని కాదనే మాట కనీసం తెలుగునేల మీద వినపడకూడదు. సూర్యనమస్కారాలు కూడా మంచి సాధనే. చురుగ్గా చేస్తే ఆయాసం వస్తుంది, ఒళ్లు సాగుతుంది, చేతులు, భుజాలు బరువు మోస్తాయి. అయితే వాటిలో నెట్టడం ఉంది, లాగడం లేదు. వీపు కండరాలకు పని చెప్పాలంటే ఏదో ఒకటి లాగాలి, లేదా ఎత్తాలి. ఇంటి పని చేస్తున్నాం కదా అనే స్త్రీలదీ న్యాయమైన మాటే. ఆ కదలికంతా లెక్కే. కానీ బిందె బరువు, బట్టల బరువు ఏటేటా పెరగవు, కాబట్టి బలమూ పెరగదు. రోజంతా నాట్లు వేసి, మూటలు మోసి వచ్చే కూలీకి మాత్రం ఈ వ్యాసం వర్తించదు. ఆమెకు కావలసింది విశ్రాంతి, కడుపునిండా తిండి.

శ్రమ ఎంత గట్టిగా ఉండాలన్నదానికి జనంలో 220 నుంచి వయసు తీసెయ్యడం అనే లెక్క ప్రచారంలో ఉంది. సగటుకు పనికొచ్చే ఆ లెక్క, ఒక మనిషి విషయానికొస్తే నిమిషానికి పది, పన్నెండు స్పందనల మేర తప్పొచ్చు. బీపీకి మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి మాత్రలు వేసుకునేవాళ్లకు అసలు పనికిరాదు, ఎందుకంటే ఆ మందులు గుండె వేగాన్నే తగ్గిస్తాయి. అంతకంటే మాట పరీక్ష నమ్మకమైనది. నడుస్తూ మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే అది మధ్యస్థాయి శ్రమ. నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకోవాల్సి వస్తే అది గట్టి శ్రమ. సుశ్రుత సంహిత కూడా సగం బలంతోనే వ్యాయామం చెయ్యమని చెప్పి, ఊపిరి నోటి దాకా రావడాన్ని దానికి గుర్తుగా పెట్టింది. గడియారం లేకుండా ఒంటినే కొలతగా వాడడం అప్పటికీ ఇప్పటికీ పనికొచ్చే పద్ధతి.

వివరాల్లో పేచీలున్నాయని అన్నాను. బరువు ఎక్కువా, సార్లు ఎక్కువా అన్నది ఒకటి. తేలిక బరువుతోనైనా కండ ఇక లేవనంత వరకు చేస్తే పరిమాణం దాదాపు సమానంగానే పెరుగుతుందని 2016లో కెనడా పరిశోధకులు చూపారు. గరిష్ఠ బలం కావాలంటే మాత్రం భారీ బరువే మేలు. ఇంట్లో డంబెల్స్ లేవని ఆగిపోయేవాళ్లకు ఇది శుభవార్త. నాలుగు నిమిషాల తీవ్ర వ్యాయామం చాలనే ప్రచారం మరొకటి. 1996 నాటి తబాటా ప్రయోగం దాని మూలం, కానీ అది వ్యాయామానికి అలవాటు పడిన యువకుల మీద, దాదాపు సొమ్మసిల్లేంత తీవ్రతతో చేసింది. యాభయ్యేళ్ల ఉద్యోగి దాన్ని పట్టుకుని మొదలుపెట్టకూడదు. వ్యాయామానికి ముందు కదలకుండా సాగదీసి పట్టుకోవడం ఒళ్లు నొప్పుల్ని ఆపదు. ఐదు, పది నిమిషాలు మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచడమే సరైన వార్మప్. పొద్దున్నా సాయంత్రమా అన్నదానికి నా జవాబు ఒకటే, మీకు ఏది రోజూ కుదిరితే అది. మే నెలలో మాత్రం ఎండెక్కకముందే ముగించాలి.

ఇప్పుడు దీన్ని ఒక మనిషికి అన్వయిద్దాం. నలభై అయిదేళ్ల ఉద్యోగి, షుగరు అంచున ఉంది, ఇప్పటిదాకా ఏ వ్యాయామమూ లేదు. మొదటి రెండు వారాలు వారానికి అయిదు రోజులు, ఇరవయ్యేసి నిమిషాల నడక చాలు. తర్వాత ముందు నిమిషాలు పెంచాలి, అవి ముప్పై అయ్యాకే వేగం పెంచాలి, ఆ తర్వాతే ఎత్తులెక్కాలి. ఒకేసారి ఏ రెండూ పెంచకూడదు. సోమ, గురువారాల్లో ఇంట్లోనే బలం సాధన. కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీకి అడ్డంగా పెట్టుకుని, చెయ్యి ఆనించకుండా లేవాలి. కష్టమైతే కుర్చీలో దిండు వేసి ఎత్తు పెంచుకోవచ్చు. ఎనిమిదేసి సార్లు రెండు సెట్లతో మొదలుపెట్టి, రెండు సెట్లలోనూ పన్నెండు వరుసగా రెండు విడతలు తేలిగ్గా వచ్చాయంటే దిండు తియ్యాలి. అదీ తేలికైతే అయిదు కిలోల బియ్యం సంచి గుండెలకు హత్తుకుని లేవాలి. మోకాళ్లు వేళ్ల వైపే వంగాలి, లోపలికి పడకూడదు. దండీలు మొదట గోడకు, తర్వాత వంటగట్టుకు, చివరికి నేల మీద. లాగడానికి కిటికీ ఊచకు కట్టిన రబ్బరు బ్యాండు చాలు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం, రెండు చేతుల్లో సమాన బరువు సంచులు పట్టుకుని హాలులో అటూ ఇటూ నడవడం, గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడడం కలిపితే అరగంటలో అయిపోతుంది. బరువు లేపేటప్పుడు ఊపిరి వదలాలి. బిగపడితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది.

చేసిన మర్నాడు, ఆ మర్నాడు కండలు నొప్పి పెడితే భయపడక్కర్లేదు. కీలు వాచినా, నొప్పి మూడు రోజులు దాటినా మోతాదు ఎక్కువైందని అర్థం. బలం సాధనకు, సాధనకు మధ్య ఒకటి రెండు రోజులు విడిచిపెట్టేది అందుకే. కండ పెరిగేది ఎత్తేటప్పుడు కాదు, ఎత్తాక తిండితో, నిద్రతో. ఐసీఎంఆర్ లెక్క ప్రకారం ఒంటి బరువు కిలోకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. అన్నం, చారు, పచ్చడితో సరిపెట్టుకునే పూటలు అంత ఇవ్వవు. పప్పు, పెరుగు, గుడ్డు, చేప, సెనగలు ఏదో ఒకటి ప్రతి పూటా ఉండాలి.

పెళ్లిళ్ల సీజన్లో, జ్వరాల్లో, పిల్లల పరీక్షల్లో ఏ ప్రణాళికైనా దెబ్బతింటుంది. ఇక్కడ రాబర్ట్ హిక్సన్ అనే పరిశోధకుడు 1980ల్లో చేసిన ప్రయోగాలు ఎంతో ఊరటనిస్తాయి. వారానికి ఆరు రోజుల సాధనను రెండు రోజులకు తగ్గించినా, తీవ్రత తగ్గించకపోతే పదిహేను వారాల పాటు సామర్థ్యం నిలిచింది. తీవ్రత తగ్గించినప్పుడే పడిపోయింది. కాబట్టి తీరిక లేని నెలలో రోజులు తగ్గించండి, పూర్తిగా మానకండి. అలవాటు స్థిరపడడానికి 21 రోజులు చాలన్నదీ నిజం కాదు. లండన్‌లో ఫిలిప్పా లాలీ అధ్యయనంలో మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, కొందరికి 18, కొందరికి లెక్కగడితే 254. నెలకే విసుగొస్తే అది మీ లోపం కాదు.

గుండెజబ్బు ఉన్నవాళ్లు, నడుస్తుంటే ఛాతీలో పట్టేసినట్టు అనిపించేవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. ఇన్సులిన్ గానీ, చక్కెరను మరీ దించే మాత్రలు గానీ వాడేవాళ్లు జేబులో పంచదార ఉంచుకోవాలి, ఇంటికొచ్చాక పాదాలకు దెబ్బలేమైనా తగిలాయేమో చూసుకోవాలి.

చివరిగా మన ఊళ్లలోని వాకర్స్ అసోసియేషన్లకు ఒక విన్నపం. తెల్లవారకముందే ఇంతమందిని పార్కులకు రప్పించింది మీరే. వారంలో రెండు రోజులు చివరి పావుగంట నడక ఆపి, సిమెంటు బెంచీల మీద కూర్చుని లేవడం, ఆ బెంచీ అంచుకే దండీలు తీయడం అందరితో చేయించండి. ఎవరు ఎన్ని తీశారో ఒక నోటు పుస్తకంలో రాయించండి. ఆడవాళ్లను, డెబ్భై దాటినవాళ్లను ముందు వరుసలో నిలబెట్టండి. దీనికి కావలసిన బెంచీలు ఇప్పటికే పార్కుల్లో ఉన్నాయి.